ఒకే కలం, పలు చూపులు: నెల్లూరు తీరపు వ్రాతవస్త్రాలలో దృశ్యభాషా భేదాలు

ఉపోద్ఘాతం

తెలుగులో 'వ్రాయు' అనే క్రియకు అక్షరాన్ని లిఖించడం, చిత్రాన్ని గీయడం అనే రెండర్థాలూ ఉన్నాయి. చిత్రం 'వ్రాయడం', పటం 'వ్రాయడం' అనే ప్రయోగాలు ప్రాచీన కావ్యభాషలో సాధారణం. నేడు కలంకారీ అనే పారశీక పదంతో లోకం పిలుస్తున్న వస్త్రకళను శ్రీకాళహస్తి ప్రాంతంలో 'వ్రాతపని' అన్నారు. గుడ్డమీద కలంతో గీసే మనిషి చేసేది వ్రాతే అని ఆ పేరు సూచిస్తున్నది. వ్రాతకు చదువరి ఉంటాడు. చదువరి మారినప్పుడు వ్రాత ఏమవుతుందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో కోరమాండల్ తీరపు వ్రాతవస్త్రం సయాం రాజసభకు, జావా సంతలకు, పారశీకుల ప్రార్థనాస్థలాలకు, జపాను తేనీటి గదులకు, ఇంగ్లండు శయనాగారాలకు చేరింది. ఈ చరిత్రను సాధారణంగా వర్తక చరిత్రగానే చెబుతూ వచ్చారు. దృశ్య సంవహన చరిత్రగా చూస్తే దీనికి మరో ప్రాధాన్యం కనబడుతుంది. ఒకే వృత్తివారు, ఒకే రంగులతో, ఒకే పద్ధతిలో ఒకదానికొకటి పోలికలేని దృశ్యభాషలను సృష్టించిన ఉదాహరణ ఇది. సాంస్కృతిక భేదం రూపకల్పనను ఎలా నిర్ణయిస్తుందో పరిశీలించడానికి ఇంతకంటే అనువైన సందర్భాలు తక్కువ. కొనుగోలుదారుల 'అభిరుచి' అనే ఒక్కమాటతో ఈ భేదాలను వివరించడం చాలదనీ, ఆయా సమాజాలలో వస్త్రం నిర్వహించిన పాత్రే రూపాన్ని నిర్ణయించిందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

తీరం, వర్తకం

ఉత్తరాన మచిలీపట్నం, దక్షిణాన చెన్నపట్నం. ఈ రెండు రేవుల నడుమ ఉన్నది పూర్వపు నెల్లూరు జిల్లా తీరం. దాని దక్షిణపు కొసన ప్రళయకావేరి అని తెలుగువారు పిలుచుకొన్న పులికాట్ సరస్సు ఉన్నది. శ్రీకాళహస్తిని ఒరుసుకొని పారే స్వర్ణముఖి నది నాయుడుపేట ప్రాంతాన్ని దాటి ఈ తీరంలోనే సముద్రాన్ని చేరుతుంది. నదీతీరపు ఆలయకళనూ సముద్రతీరపు ఎగుమతికళనూ వేర్వేరుగా చూడడం పరిశోధకులకు అలవాటైనా, భౌగోళికంగా అవి ఒకే నేలకు చెందినవి.

డచ్చివారు 1610లో చంద్రవంశపు చివరి ప్రభువులలో ప్రసిద్ధుడైన అరవీటి వేంకటపతిరాయల అనుమతితో పులికాట్‌లో స్థిరపడ్డారు. 1613లో అక్కడ గెల్డ్రియా కోట వెలిసింది. 1690లో నాగపట్నానికి తరలిపోయేవరకు కోరమాండల్ తీరంలో వారి ప్రధాన కేంద్రం అదే. వారికి కావలసినవి తూర్పుదీవుల సుగంధద్రవ్యాలు. ఆ దీవులవారు ఐరోపా సరుకులను అంతగా ఆదరించలేదు. వారు కోరినది ఈ తీరపు గుడ్డలను. కనుక మిరియాలు, లవంగాలు, జాజికాయలు కొనాలంటే ముందు ఇక్కడ గుడ్డలు కొనక తప్పలేదు.

ఇంగ్లీషువారు 1626లో దుగరాజపట్నంలో స్థావరం ఏర్పరచుకొన్నారు. వారి రికార్డులలో అది ఆర్మగాన్. తమకు సాయపడిన ఆరుముగం మొదలియారు పేరుమీద ఆ పేరు వచ్చిందని ప్రతీతి. ఈ తీరంలో వారు ఫిరంగులతో పటిష్ఠం చేసుకొన్న తొలి స్థావరం అది. అయినా అక్కడ వర్తకం ఆశించినంతగా సాగలేదు. స్థావరాధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మరింత దక్షిణంగా వెళ్లి, అక్కడ గుడ్డ నూటికి 20 వంతులు చౌకగా దొరుకుతుందని తెలియజేశాడు. ఆ ఏడాదే దామెర్ల వేంకటాద్రినాయకుని నుంచి మదరాసు స్థలానికి అనుమతి లభించింది. 1640లో ఆర్మగాన్ సిబ్బంది అక్కడికి తరలిపోయారు. అంటే చెన్నపట్నం పుట్టుకకు నెల్లూరు తీరంలో దొరకని చౌక గుడ్డ ఒక కారణం. 1734లో చెన్నపట్నంలో నేతగాళ్లకు, వడికేవారికి, అద్దకపువారికి, చలువచేసేవారికి ప్రత్యేకంగా చింతాద్రిపేటను నెలకొల్పడం ఈ కథకు కొనసాగింపు.

మారని పని, మారే వ్రాత

రూపభేదాలను అర్థం చేసుకోవడానికి ముందు మారకుండా నిలిచిన పనివిధానాన్ని గుర్తించాలి. 1742లో జెసూట్ మతగురువు కేర్డూ ఈ విధానాన్ని సవివరంగా లేఖలో వర్ణించాడు. నేటి శ్రీకాళహస్తి పనివారి పద్ధతితో దాన్ని పోల్చితే మూలసూత్రం ఒకటేనని తెలుస్తుంది. గుడ్డను కరక్కాయ కషాయంలోనూ గేదెపాలలోనూ తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగు పాకకుండా చూస్తుంది. ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవంతో నల్లని గీతలు గీస్తారు. అది కరక్కాయతో కలిసినచోట నలుపు తేలుతుంది. ఎరుపు కావలసినచోట పటికనీళ్లు పూస్తారు. తరువాత గుడ్డను చిరివేరు కలిపిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక తాకినచోట ఎరుపు శాశ్వతంగా నిలుస్తుంది. తాకనిచోట అంటిన రంగును పేడనీళ్లలో నానబెట్టి, పారేనీటిలో ఉతికి, ఎండలో ఆరవేసి పోగొడతారు. నీలిమందులో ముంచేటప్పుడు నీలం వద్దనుకొన్నచోట మైనం పూస్తారు. పసుపు రంగు చివర చేరుతుంది.

చిరివేరు తీరప్రాంతపు ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. విలియం రాక్స్‌బర్గ్ 1795లో ప్రారంభించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని చిత్రసహితంగా వర్ణించాడు. ఆ వేరు ఇచ్చే ఎరుపు, ఉతికేకొద్దీ వన్నె తేరే ఆ నిలకడ, ఈ తీరపు పనివారి ప్రత్యేక సంపద. దూరదేశాలవారు ఈ గుడ్డలకోసం ఎగబడడానికి అది ముఖ్యకారణం. తమ దేశాల్లో అప్పటికి పత్తిగుడ్డమీద అంతటి స్థిరమైన ఎరుపును తేలేకపోయినవారు వారు.

ఈ విధానంలో ఒక అంశాన్ని ప్రత్యేకంగా గమనించాలి. గుడ్డ నేల ఎర్రగా ఉండాలంటే పటికను నేలంతటికీ పూసి బొమ్మను వదిలేయాలి. నేల తెల్లగా ఉండాలంటే బొమ్మకే పూసి నేలను వదిలేయాలి. రంగు కోరిక మారితే పనివాని ఆలోచనాక్రమమే తలకిందులవుతుంది. కనుక 'ఎరుపు తగ్గించండి, తెలుపు పెంచండి' అన్న వర్తకుని ఆదేశం పైకి కనిపించినంత చిన్నది కాదు.

ఎరుపును చదివిన తీరు

అటువంటి ఆదేశం 1643లో వచ్చింది. లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్ కార్యాలయానికి పంపిన లేఖలో, అప్పటివరకు వస్తున్న పడకదుప్పట్ల ఎర్రని నేల దిగులుగా ఉన్నదనీ, కొనేవారందరికీ రుచించడంలేదనీ పేర్కొన్నారు. ఇకమీదట తెల్లని నేల ఎక్కువగా ఉండి నడుమ రంగురంగుల పూలకొమ్మలు తీర్చిన గుడ్డలు పంపమని కోరారు. లేఖ పశ్చిమతీరానికి వెళ్లినా, అందులోని అభిప్రాయం తరువాతి దశాబ్దాల్లో తూర్పుతీరపు పనినీ మార్చివేసింది. యూరపుకోసం చేసిన గుడ్డల్లో తెల్లని నేల దాదాపు నియమమయింది.

అదే ఎరుపు తూర్పుదీవుల్లో దిగులు అనిపించలేదు. జావా, సుమత్రా, సులవేసీ సంతల్లో ఎర్రని నేల గుడ్డకు గిరాకీ తగ్గలేదు. సయాం రాజసభలోనూ ముదురు ఎరుపు ఘనతకు గుర్తే. తెలుగునాట ఎరుపు పారాణిది, కుంకుమది. పెళ్లి మంటపం నుంచి గ్రామదేవత గుడివరకు అది శుభానికీ శక్తికీ సంకేతం. శ్రీకాళహస్తి ఆలయపటాలలో సాధారణంగా రాముడు, కృష్ణుడు నీలవర్ణంలో, స్త్రీపాత్రలు పసుపు వన్నెలో కనిపిస్తే, రాక్షసపాత్రలకు తరచు ఎరుపు వాడతారు. అంటే ఒక సంస్కృతిలోపలే ఎరుపుకు ఒకే అర్థం లేదు. నేలగా నిలిచిన ఎరుపు శుభం. దేహవర్ణంగా నిలిచిన ఎరుపు ఉగ్రత. రంగుకు స్థానాన్నిబట్టి అర్థం ఏర్పడుతుందన్న ఈ సూత్రం మరచి, ఫలానా దేశంలో ఫలానా రంగు ఫలానా భావానికి గుర్తు అని పట్టికలు తయారుచేయడం దృశ్యభాషను అతిగా సరళీకరించడమే అవుతుంది.

లండన్ కొనుగోలుదారునికి ఎరుపు దిగులుగా తోచడానికి కారణం వెదికితే అభిరుచికంటే ఉపయోగం ముందు కనిపిస్తుంది. అక్కడ ఆ గుడ్డ పడకచుట్టూ తెరగా, గోడకు అలంకారంగా, దుప్పటిగా వాడుకలోకి వచ్చింది. మబ్బుపట్టిన ఉత్తరదేశపు గదిలో వెలుతురును పెంచే తెల్లని నేలకు విలువ ఉంటుంది. తూర్పుదీవులలో అదే గుడ్డ ఒంటిమీద, ఎండలో, ఉత్సవపు గుంపులో కనబడాలి. అక్కడ ముదురు నేలకు విలువ ఉంటుంది. ఈ వివరణ అన్ని సందర్భాలకూ సరిపోకపోయినా, రంగును చూసే కన్నుతోపాటు చూసే చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలని గుర్తుచేస్తుంది.

ఒంటిమీది గుడ్డ, పెట్టెలోని గుడ్డ

తెలుగువారికి చీరలో నేల, అంచు, కొంగు అనే విభజన పరిచితం. కట్టుకొన్నప్పుడు ఏది కనబడుతుందో ఏది దాగుతుందో దాన్నిబట్టి ఈ మూడింటికీ పని పంచుతారు. తూర్పుదీవులకు వెళ్లిన నడుముగుడ్డల్లో ఇదే తర్కం వేరే రూపంలో ఉన్నది. వాటి రెండు కొసలలో కోణాకారపు త్రిభుజాల వరుసలు ఉంటాయి. జావా ప్రాంతంలో వీటిని తుంపాల్ అంటారు. గుడ్డ చుట్టుకొన్నప్పుడు ఈ త్రిభుజాలు నడుముకు ముందుభాగంలో నిలువుగా కనబడతాయి. నేలమీద పరచి చూస్తే అసమంజసంగా తోచే ఈ అమరిక మనిషి ఒంటిమీద సార్థకమవుతుంది. తాను ఎన్నడూ చూడని దేశపు కట్టును ఊహించుకొని పనివాడు కలం కదిపాడన్నమాట.

సులవేసీలోని తొరాజా ప్రజలు ఇండియా గుడ్డలను మావా అనే పేరుతో పవిత్రవస్తువులుగా తరతరాలు భద్రపరచుకొన్నారు. పెట్టెల్లో దాచి, ముఖ్యమైన క్రతువులలో మాత్రమే బయటికి తీశారు. ఈనాడు మ్యూజియాల్లో ఉన్న ప్రాచీన ఎగుమతి వస్త్రాలలో గణనీయభాగం ఇండోనేషియా కుటుంబాలు ఇలా కాపాడినవే. మన వాతావరణంలో, మన వాడుకలో చిరిగిపోయినవి అక్కడ నిలిచాయి. తెలుగు తీరపు కళాచరిత్రకు ఆధారాలు పరాయివారి భక్తివల్ల దక్కాయన్న విషయం గుర్తించదగినది.

జపానులో ఈ గుడ్డలను సరస అన్నారు. తేనీటి సంప్రదాయాన్ని పాటించేవారు వాటిని చిన్నచిన్న ముక్కలు చేసి విలువైన పాత్రలకు సంచులుగా, చుట్టుగుడ్డలుగా వాడారు. నమూనాల పుస్తకాల్లో అతికించి దాచుకొన్నారు. అరచేతిలో ఇమిడే ముక్కలో కూడా పూర్తిగా కనబడాలంటే బొమ్మ చిన్నదిగా, సాంద్రంగా ఉండాలి. గోడనిండా పరచుకొనే మహావృక్షం అక్కడ పనికిరాదు. పారశీక వర్తకానికి చేసిన గుడ్డల్లో ప్రార్థనాస్థలపు కమాను, దానిలో సరుగుడును తలపించే నిటారు వృక్షం, చుట్టూ సన్నని పూలతీగలు కనిపిస్తాయి. ఆ కమాను అలంకారం మాత్రమే కాదు, ప్రార్థించేవాని దిక్కును సూచించే గుర్తు. దాన్ని తలకిందులు చేయడానికి వీల్లేదు.

సయాం ఉదాహరణ మరింత స్పష్టమైనది. అయుథయ రాజసభ తన నమూనాలను తానే తయారుచేయించి ఇక్కడికి పంపేది. అంజలి ఘటించిన దేవతామూర్తులు, జ్వాలలవంటి రేఖలు ఆ గుడ్డల లక్షణం. వాటిని 'ఫా లాయ్ యాంగ్' అనేవారు. నమూనా ప్రకారం చేసిన గుడ్డ అని అర్థం. ఎవరు ఏ నమూనా ధరించవచ్చునన్నది రాజాజ్ఞకు లోబడిన విషయం. అందువల్ల అక్కడ బొమ్మ హోదాచిహ్నంగా, దాదాపు అధికారపత్రంగా పనిచేసింది. క్రమంగా ఇక్కడివారు తమ ధోరణిలో కల్పించిన గుడ్డలు కూడా ఆ సంతకు వెళ్లాయి. వాటికి 'నమూనాకు వెలుపలిది' అనే అర్థంలో వేరే పేరు పుట్టింది. సృజనాత్మకత అని ఒకరు మెచ్చుకొనేది మరొకరికి అధికారముద్రలేని నకలు అయిందన్నమాట.

మచ్చు ప్రయాణం

ఈ విభిన్న భాషలు తీరపు పనివానికి ఎలా చేరాయి? మచ్చుల ద్వారా. సంతలో చెల్లుబాటయిన గుడ్డతునకను, కాగితంమీది బొమ్మను వర్తకులు ఓడల్లో పంపేవారు. బటేవియానుంచి డచ్చివారు, లండన్‌నుంచి ఇంగ్లీషువారు మచ్చులు పంపడం క్రమంగా వ్యవస్థగా మారింది. అయితే మచ్చు బొమ్మను చూపుతుంది గాని దాని అర్థాన్ని చెప్పదు. ఆ ఖాళీని పనివాడు తన ఊహతో నింపాడు.

యూరపుకోసం చేసిన 'పలంగ్‌పోష్' అనే పడకగుడ్డల మీది వృక్షం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. గుట్టలమీదనుంచి మెలికలు తిరుగుతూ లేచిన ఒకే మానుకు పది రకాల పూలు, పండ్లు కనిపిస్తాయి. ఏ అడవిలోనూ లేని చెట్టు అది. దాని రాళ్లలో చైనా చిత్రాల జాడ, తీగల్లో పారశీక ధోరణి, ఆకుల్లో ఇంగ్లీషు కుట్టుపని ప్రభావం ఉన్నాయి. యూరపువారు తూర్పుదేశాలు ఇలా ఉంటాయని ఊహించుకొని గీసిన బొమ్మనే తూర్పుదేశానికి పంపారు. ఇక్కడి పనివారు దాన్ని విదేశీయమైనదిగా భావించి తమకు తెలిసిన రేఖల్లోకి దించారు. తిరిగి చేరిన గుడ్డను అక్కడివారు అసలైన ఇండియా కళగా ఆదరించారు. ఇరువురికీ పరాయిదైన ఈ రూపం ఇరువురి సహకారంతోనే పుట్టింది. దీన్ని పనివారి అనుకరణ అనడం ఎంత పొరపాటో, అనాదిగా వస్తున్న దేశీయ సంప్రదాయం అనడం కూడా అంతే పొరపాటు.

పరాయివారి చూపును గ్రహించిన పనివాడు పరాయివారిని కూడా చూశాడు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో 17వ శతాబ్ది తొలిభాగానికి చెందిన, 7 భాగాలుగా ఉన్న కోరమాండల్ వ్రాతతెర ఉన్నది. ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క జనసమూహం కమానుల కింద కొలువుతీరి ఉంటుంది. టోపీలు, బిగుతు దుస్తులు ధరించిన యూరపువారు వారిలో ఒకరు. వేషం, ఆసనం, చేతిలోని వస్తువు ఆధారంగా జాతులను గుర్తుపట్టించే ఈ చిత్రణలో, రేవుపట్టణపు పనివాని పరిశీలన స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ వస్త్రాల జనాదరణ యూరపులోని నేతవృత్తులను కలవరపెట్టింది. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701, 1722 సంవత్సరాలలో అమలైన చట్టాలతో వీటిపై ఆంక్షలు విధించాయి. దిగుమతిని ఆపినవారే అనుకరణను పెంచారు. 1868లో జర్మన్ రసాయనికులు ఎరుపురంగును కృత్రిమంగా తయారుచేయడంతో చిరివేరు ఆర్థిక ప్రాధాన్యమూ అంతరించసాగింది.

అక్షరం ఉన్న గుడ్డ

పరదేశాలకు వెళ్లిన గుడ్డలకూ స్వజనంకోసం వ్రాసిన ఆలయపటాలకూ మధ్య ఒక మౌలికభేదం ఉన్నది. ఆలయపటం కథ చెబుతుంది. నడుమ పెద్ద చదరంలో శ్రీరామ పట్టాభిషేకంవంటి ప్రధానదృశ్యం ఉంటుంది. చుట్టూ అడ్డపట్టీలుగా రామాయణ, భారత, భాగవత ఘట్టాలు సాగుతాయి. పదహారో శతాబ్దపు లేపాక్షి కుడ్యచిత్రాల్లో కనిపించే అడ్డపట్టీల కథనానికి ఇది దగ్గరి బంధువు. అన్నిటికంటె ముఖ్యంగా, ఈ పట్టీలలో బొమ్మల సరసన తెలుగులిపిలో వివరణలు ఉంటాయి. పేరు, ఘట్టం, ఒక్కోసారి పద్యభాగం అక్కడ వ్రాసి ఉంటాయి.

ఎగుమతి వస్త్రాలలో ఇటువంటి కథనం అరుదు. భాష తెలియనివారికోసం చేసిన వస్త్రం మాటలేకుండా అర్థం కావాలి. అందుకే అక్కడ పువ్వు, తీగ, కమాను, త్రిభుజం ప్రధానమయ్యాయి. అక్షరం పూర్తిగా మాయం కాలేదు. తూర్పుదీవుల్లో దొరికిన కొన్ని గుడ్డల వెనుక డచ్చి కంపెనీ ముద్ర ఉన్నది. ఆలయపటంలో అక్షరం ముఖంమీద ఉండి చూపరికి కథను అందిస్తుంది. ఎగుమతి గుడ్డలో అక్షరం వీపుమీద ఉండి యజమానిని మాత్రమే సూచిస్తుంది. రెండు వ్యవస్థల స్వభావాన్ని ఈ స్థానభేదం స్పష్టం చేస్తున్నది.

విదేశీ గిరాకీ సన్నగిల్లినా ఆలయపటం ఒక సన్నని పాయగా మిగిలింది. 1950వ దశకంలో కమలాదేవి ఛటోపాధ్యాయ ప్రోత్సాహంతో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రం ఏర్పడడంతో ఆ పాయ మళ్లీ బలపడింది. అక్కడ శిక్షణ ఇచ్చిన కుటుంబానికి చెందిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. నేడు శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలకు వేర్వేరు భౌగోళిక గుర్తింపులు ఉన్నాయి. చీరలమీదికి, దుపట్టాలమీదికి చేరిన వ్రాతపనిలో తెలుగు వివరణలు చాలావరకు లోపించడం ఈ చర్చ వెలుగులో గమనించదగిన మార్పు. దేశమంతా కొనే వస్త్రంగా మారినప్పుడు అది మళ్లీ మాటలేని భాషవైపు మొగ్గింది.

ముగింపు

పై పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, దృశ్యరూపంలోని సాంస్కృతిక భేదం వస్తువు నిర్వహించే పాత్రనుంచి పుడుతుంది. ఒంటిమీద కట్టేది, గోడకు వేలాడేది, పెట్టెలో దాగేది, దేవుని వెనుక నిలిచేది ఒకే రూపంలో ఉండవు. రెండవది, రంగుకూ బొమ్మకూ స్థిరమైన అర్థాలు లేవు. ఒక ఎరుపే ఒకచోట దిగులు, ఒకచోట ఘనత, ఒకచోట శుభం, ఒకచోట ఉగ్రత. మూడవది, భిన్నసంస్కృతుల నడుమ రూపకల్పన ఏకపక్షపు ఆదేశంతో జరగలేదు. మచ్చును పంపినవాడు కొంత పోగొట్టుకొన్నాడు, అందుకొన్నవాడు కొంత చేర్చాడు.

ఈ గుడ్డలు వ్రాసినవారిలో ఒక్కరి పేరైనా కంపెనీల లెక్కలపుస్తకాలు ప్రత్యేకించి గౌరవించలేదు. వారిని చవకైన చేతులుగానే చరిత్ర నమోదు చేసింది. తాము చూడని దేశాల కట్టును, ప్రార్థనను, హోదాను, గదిని ఒక గుడ్డతునక ఆధారంతో ఊహించగలిగినవారిని పాఠకులుగా, వ్యాఖ్యాతలుగా గుర్తించడం తెలుగు సాంస్కృతిక చరిత్ర చెల్లించవలసిన బాకీ. వారు చేసినది వ్రాతపని అని తెలుగుభాష ఎప్పుడో చెప్పింది. ఆ వ్రాత వెనుక ఉన్న చదువును కూడా మన సాహిత్య, కళాచరిత్రలు లెక్కలోకి తీసుకోవాలి.